సదయ్య చెవి

సదయ్య ఇంట్లో ఒకప్పుడు ఐదు ప్లాస్టిక్ బకెట్లుండేవి. ఇప్పటికి ఒక్కటే మిగిలింది, అదీ పిడి ఊడిపోయి. భార్య మల్లక్క దాన్లో మట్టి పోసి పుదీన పెంచుతోంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆ బకెట్టు వంక చూసినప్పుడల్లా సదయ్యకు ఒళ్ళు మండుతుంది. అరవై రెండేళ్ళ మనిషికి బకెట్టు మీద కోపమేమిటని మీరనుకోవచ్చు. ఆ బకెట్టుకు ఒక పేరుంది. దాని పేరు వీర్రాజు.

ఏటా డిసెంబరులో బొగ్గు కంపెనీ పుట్టినరోజు వస్తుంది. గోదావరిఖని స్టేడియంలో ఆ రోజున పాటలు, స్టాళ్ళు, పందేలు. అప్పట్లో మోటారు సైకిళ్ళకూ ఒక పందెం పెట్టేవారు. అందరికన్నా ముందు చేరినవాడు కాదు, చివర చేరినవాడే గెలిచినట్టు. ముప్పై గజాల దారిలో బండి ఆగకూడదు, కాలు నేలకు ఆనకూడదు. ఆనిందా, ఇంటికే. మొదటి బహుమతి స్టీలు బిందె, రెండోది ప్లాస్టిక్ బకెట్టు.

తొంభై ఒకటిలో, తొంభై రెండులో బిందె తెచ్చింది సదయ్యే. పాత రాజ్‌దూత్ మీద గెలిచాడు. ఆ రెండు బిందెలతో మల్లక్క నల్లా దగ్గర నిలబడితే వాడకట్టంతా చూసేది. తొంభై మూడులో రాజమండ్రి వైపు నుంచి అండర్ మేనేజరుగా వీర్రాజు దిగాడు. సదయ్య ఈడువాడే. ఇస్త్రీ చొక్కా, నల్లని యెజ్డీ బండి. పందెంలో ఆయన బండి మీద తిన్నగా నిలబడి, ఎటో చూస్తూ, అసలిక్కడ పందెం జరుగుతున్న సంగతే గుర్తులేనట్టు మెల్లగా వచ్చాడు. సదయ్య ఆయనకన్నా రెండు గజాల ముందు గీత దాటాడు. అంటే ఓడాడు. చేతికి బకెట్టిచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్ళూ అదే తంతు.

ఓడినందుకైనా అంత బాధ లేదు. ఐదో బకెట్టు అందుకున్న రోజున వీర్రాజు వచ్చి భుజం తట్టి, "నువ్వు లేకపోతే ఈ పందెంలో మజా ఏముంటుందయ్యా సదయ్యా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే సదయ్యను కాల్చింది. తాను నిద్రలో కూడా పళ్ళు కొరికేది ఈ మనిషి మీద. ఆ మనిషికేమో తనను చూసి కుళ్ళేవాడొకడున్నాడన్న స్పృహే లేదు. అసూయ పడేవాడికి అంతకన్నా అవమానం ఏముంటుంది? ఇల్లు కట్టుకునేటప్పుడు రాజ్‌దూత్‌ను అమ్మేశాడు సదయ్య. అందరికీ అవసరమని చెప్పాడు గానీ, ఆరో బకెట్టు వద్దనే అమ్మాడు.

బాయి లోపల మాత్రం సంగతి వేరు. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. అక్కడ సదయ్య టింబర్‌మన్. పైకప్పుకు దన్నుగా దిమ్మెలు నిలబెట్టడం, అంతకు ముందు ఆ కప్పు నమ్మదగిందో కాదో చెప్పడం ఆయన పని. ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, తల పక్కకు వంచి వింటాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన కప్పు పగిలిన కుండలా పలుకుతుంది. దాన్ని డొల్ల అంటారు. డొల్ల అని టింబర్‌మన్ నోటి నుంచి వస్తే ఎంత పెద్ద దొరైనా వెనక్కి నడవాల్సిందే. కింద ఉన్నవాడితో మాటలు లేకపోయినా, దాయాదుల పగ ఉన్నా, చప్పుడు మారితే కేక వెయ్యాల్సిందే. అది కాగితం మీద రాసిన రూలు కాదు. కానీ దాన్ని తప్పినవాడి పక్కన కూర్చుని ఎవడూ సద్ది విప్పడు.

వీర్రాజు వచ్చి, దిమ్మెల అంచున ఆగేవాడు. "ఏం సదయ్యా?" అని ఒక్క మాట అడిగేవాడు. "గట్టిగున్నది సార్, నడువుండ్రి" అనేవాడు సదయ్య. అంతే, తల ఎత్తైనా చూడకుండా వీర్రాజు ఆ కప్పు కిందికి నడిచిపోయేవాడు. ఇద్దరూ ఎన్ని బాయిలు మారినా, ఆయన హోదాలు ఎన్ని పెరిగినా, కలిసి దిగినప్పుడల్లా ఆ రెండు మాటలు మారలేదు. చదువులో, జీతంలో, క్వార్టరులో, ఆఖరికి జుట్టులో కూడా ఆయనే పైన. ఆ ఒక్కచోట మాత్రం ఆ పెద్దమనిషి ప్రాణం సదయ్య చెవిలో ఉండేది. రాత్రి పడుకోబోయే ముందు సదయ్య అప్పుడప్పుడూ ఆ సంగతి తలుచుకుని తృప్తి పడేవాడు.

ఇద్దరూ ఒకే ఏడు రిటైరయ్యారు. సదయ్యకు పొట్ట వచ్చింది, ఎడమ మోకాలికి నొప్పి వచ్చింది. వీర్రాజుకు ఏదీ రాలేదు. సొంతూరికి పోతాడేమో, పీడ విరగడవుతుందేమో అని సదయ్య ఆశపడ్డాడు. ఆయనేమో మార్కండేయ కాలనీలోనే ఇల్లు కట్టుకుని, రోజూ పొద్దున్నే స్టేడియంలో సదయ్య పక్కన నడవడం మొదలుపెట్టాడు.

ఆ మధ్య సదయ్య ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. సీటు లేని మోటారు సైకిలు మీద ఒక ముసలాయన నిలబడి, బండరాళ్ళ మీదుగా మేక నడిచినట్టు మెల్లగా పోతున్నాడు. వేగంతో పని లేదు. కాలు కింద పెడితే మార్కు పోతుంది, అంతే. దాన్ని ట్రయల్స్ అంటారట. సదయ్యకు గుండె ఝల్లుమంది. ఇది తన పందెమే! ఎవరో దానికి రాళ్ళు జోడించారు. వాకబు చేస్తే, కమాన్‌పూర్ దాటాక మూతబడ్డ కంకర క్వారీలో ఆదివారాలు పదిమంది చేరి ఇదే ఆడుతున్నారని తెలిసింది.

ఆరు నెలలు ఆ వీడియోలే చూశాడు. వయసు మళ్ళినవాడికి పెద్ద ఇంజను వద్దు, తేలిక బండి కావాలి. పడితే ఒక్కడే లేపుకోగలగాలి. వాడిన బండి కొనేటప్పుడు ఇంజను ముట్టుకుని చూడాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. ఇంజను కింది రేకు మీది సొట్టలు చూడాలి, బండి ఎన్ని రాళ్ళు తిన్నదో అవే చెబుతాయి. కొత్త రంగును అస్సలు నమ్మకూడదు. ఇవన్నీ మల్లక్కకు వినిపించేవాడు.

"మోకాలికి గోలీలు మింగుకుంట సర్కస్ చేస్తవా?" అనేది మల్లక్క. "చెయ్యి. కాలిరిగితే దవాఖానకు నేను రాను, ముందే చెప్తున్న."

చివరికి రామకృష్ణాపూర్‌లో ప్రశాంత్ అనే మెకానిక్ దగ్గర రెండు ట్రయల్స్ బండ్లు అమ్మకానికున్నాయని తెలిసింది. సదయ్య ఆ సంగతి కడుపులో దాచుకోవాల్సింది. మర్నాడు స్టేడియంలో సంతోషం పట్టలేక నోరు జారాడు.

"నిజంగానా? నేనూ వస్తానయ్యా!" అన్నాడు వీర్రాజు. "ఎప్పటి నుంచో ఉంది మళ్ళీ బండెక్కాలని. రెండున్నాయంటున్నావు కదా, నీకొకటి నాకొకటి. నా కారులోనే పోదాం."

సదయ్య నోట్లో చేదు ఊరింది. అలాగే సార్ అన్నాడు.

గోదావరి బ్రిడ్జి దాటి, ఇందారం మీదుగా శ్రీరాంపూర్ పక్క నుంచి పోతున్నంతసేపూ వీర్రాజు హుషారుగా కబుర్లు చెప్పాడు. ప్రశాంత్ షెడ్డు ఇరుకు సందు చివర ఉంది. ఒక పక్క మురికికాలువ, ఇంకో పక్క కరెంటు స్తంభం. కారును వెనక్కి నడిపే పెట్టాలి. సదయ్య దిగి వెనక నిలబడి, "రాండ్రి సార్, రాండ్రి, జాగున్నది" అంటూ చెయ్యి ఊపాడు. వీర్రాజు అద్దంలోకి కూడా చూడకుండా, మాట విన్నకొద్దీ వెనక్కి వచ్చి, ఆగమన్నచోట ఆగాడు.

ప్రశాంత్ ముప్పై అయిదేళ్ళవాడు, బాయి కార్మికుడి కొడుకు. రెండు బండ్లూ బయట పెట్టి ఉంచాడు. ఒకటి నీలం రంగుది. పాత వందసీసీ బండి ఇంజను తీసి, చట్రం తానే ఆరునెలలు కూర్చుని వెల్డింగ్ చేసుకున్నాడట. రంగు వెలిసింది, రేకంతా సొట్టలే. కానీ సదయ్య వెనక చక్రం పట్టుకుని ఊపితే ఇసుమంత కదలిక లేదు. ఇంజను చల్లగా ఉంది. ఒక్క కిక్కుకే అందుకుంది. రెండోది ఆకుపచ్చది. బెల్లంపల్లిలో ఎవరి దగ్గరో కొన్నాడట. బరువైనది, కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. సదయ్య దాని వంక చూడను కూడా చూడలేదు. నీలం బండి తనదని ఆయన గుండె అప్పుడే రాసేసుకుంది.

షెడ్డు వెనక రాళ్ళ కుప్ప ఉంది. ముందు సదయ్యే నీలం బండి ఎక్కాడు. మొదటి రాయి దాటాడు. రెండోదాని మీద మోకాలు వణికి కాలు టప్పున కింద పడింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ అక్కడే పడింది. చెమటలు కక్కుతూ దిగాడు.

"భలే చేశావయ్యా, ముప్పై ఏళ్ళ తర్వాత!" అన్నాడు వీర్రాజు. ఆ మెచ్చుకోలు సదయ్య చెవిలో కారం పోసినట్టయింది.

తర్వాత వీర్రాజు ఎక్కాడు. మధ్యలోని ముప్పై ఏళ్ళు ఆయనకు గడవనే లేదు. నడుం తిన్నగా నిలిపి, ఒక్కో రాయినీ పలకరించినట్టు మెల్లగా దాటుకుంటూ కుప్ప మీదికి చేరాడు. పైన బండిని కదలకుండా నిలబెట్టి, కాలు దించకుండా, తల తిప్పి ఎటో చూశాడు. ఆ చూపే! ముప్పై గజాల దారిలో, మైకుల మోతలో, అందరి ముందూ చూసిన ఆ చూపే. సదయ్యకు కళ్ళ ముందు ఐదు బకెట్లూ వరసగా కనిపించాయి.

"ఇది అద్భుతంగా ఉందయ్యా!" అంటూ దిగి వచ్చాడు వీర్రాజు. "నా ఒంటికి కుట్టినట్టుంది. నేను దీన్ని తీసేసుకోనా?"

నాకు కావాలి సార్ అంటే సరిపోయేది. అడిగితే ఇచ్చే మనిషేనని సదయ్యకు తెలుసు. అందుకే అడగలేదు. వీర్రాజు దయతలచి ఇస్తే, అది ఆరో బకెట్టు అవుతుంది.

"ఆగుండ్రి సార్, జర చూస్త" అన్నాడు. నేల మీదున్న స్పానర్ తీసి నీలం బండి చట్రాన్ని కొట్టాడు, తల పక్కకు వంచాడు. ఖంగుమంది. హ్యాండిల్ కింద కొట్టాడు, కాళ్ళు పెట్టే కడ్డీల దగ్గర కొట్టాడు. అన్నిచోట్లా ఖంగు, ఖంగు. గుడి గంటలా ఉంది ఆ ఇనుము. సదయ్య స్పానర్ దించాడు.

"డొల్ల" అన్నాడు.

నలభై ఏళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట అబద్ధంగా రావడం అదే మొదలు.

వీర్రాజు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఏమిటి, ఎక్కడ అని అడగలేదు. బాయిలో వెనక్కి జరిగినట్టే జరిగాడు.

"గదేంది కాకా?" అన్నాడు ప్రశాంత్, మొహం పాలిపోయి. "నా చేతులతోని చేసిన చట్రం. రెండేండ్ల సంది నేనే నడుపుతున్న. ఎక్కడ చూపియ్యి?"

"బాబూ, ఈయన చెవి సంగతి నీకు తెలీదు" అన్నాడు వీర్రాజు. "ఈయన డొల్ల అన్నచోట నిలబడి ఉంటే నేనీపాటికి ఉండేవాణ్ణి కాదు. దీన్ని ఇంకెవరికీ అమ్మకు. ఏ పిల్లాడో కొని రాళ్ళ మీద విరిగితే ఆ పాపం మనకొద్దు. ఇక్కడే కోసెయ్, ఇనుము ఖరీదుకు రెండింతలు నేనిస్తాను."

"పైసలెందుకు సార్. మా నాయిన గూడ బాయిల పనిచేసిండు. టింబర్‌మన్ మాటంటే మాటే అనేటోడు" అన్నాడు ప్రశాంత్. లోపలికిపోయి రంపం తెచ్చాడు.

ఇదా సదయ్య కోరుకున్నది? ఆయన బండిని వదిలేస్తే, పది రోజులాగి చాటుగా వచ్చి కొనుక్కుందామనుకున్నాడు. ఇప్పుడెలా కొంటాడు? కొంటానంటే వీర్రాజే అడ్డం పడతాడు. నీ ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని కారులో కూర్చోబెట్టి తీసుకుపోతాడు. ఆ నమ్మకాన్ని తలుచుకుంటే సదయ్యకు సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు మళ్ళీ అసూయే పుట్టింది. ఇంత శుభ్రంగా నమ్మగలిగే గుణం కూడా ఆయనకే ఎందుకుండాలి?

"పోనీలే, నేను ఆ ఆకుపచ్చది తీసుకుంటాను" అన్నాడు వీర్రాజు. "బరువే, అయినా సర్దుకుంటా. నీకు వేరేచోట మంచిది వెతుకుదాం. ఏం సదయ్యా?"

ఏం సదయ్యా. అదే గొంతు, అదే మాట. సదయ్య వెళ్ళి ఆకుపచ్చ బండిని కొట్టాడు. ముందు వైపు ఖంగుమంది. కాలి కడ్డీ దగ్గర కొట్టగానే చప్పుడు మారింది. ఇంకోసారి కొట్టాడు. పగిలిన కుండ. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, బాయిలో నిక్కబొడుచుకున్నట్టే. మంచిదాన్ని చెడ్డదనడానికి ఆ పూట ఆయన నోరు తిరిగింది. చెడ్డదాన్ని మంచిదనడానికి మాత్రం చచ్చినా తిరగదు.

"దీని మీదికి పోకుండ్రి సార్" అన్నాడు. "డొల్ల."

"రెండూనా!" అని వీర్రాజు నవ్వేశాడు. "మంచిపని చేశాం నిన్ను తీసుకొచ్చి."

ప్రశాంత్ చాకు తీసి ఆ కడ్డీ దగ్గర కొత్త రంగును గీకాడు. లోపల వెంట్రుకంత సన్నగా, జానెడు పొడవున పగులు. చాలాసేపు దాన్ని చూసి, "నీ చెవి చెవే కాకా" అన్నాడు. నీలం బండి దగ్గరికి వచ్చి, మెడ దగ్గర రంపం పెట్టి లాగాడు. కీచుమంది. రెండోసారి లాగాడు. ఇనుప పొడి రాలింది.

"ఆపు!" అని అరిచాడు సదయ్య. ఆ అరుపుకు ప్రశాంత్ రంపం వదిలేశాడు. "ఆపురా. అది గట్టిదే. ఏం గాలే దానికి. నేనే అబద్ధమాడిన."

సదయ్య వంగి ఆ రంపాన్ని పక్కకు నెట్టాడు. "సార్ అంత మంచిగ నడిపిండు గదా, నా కడుపు మండింది. ఇయ్యాల మండింది కాదు, ఎప్పటి సందో మండుతనే ఉన్నది. సార్‌కు దక్కొద్దని చెప్పిన."

వీర్రాజు తిట్టలేదు. తిడితే బాగుండునని సదయ్య అనుకున్నాడు. ఆయన వచ్చి సదయ్య చేతిలోంచి స్పానర్ తీసుకుని నీలం బండిని కొట్టి, చెవి దగ్గరగా వంచి విన్నాడు. ఆకుపచ్చదాన్నీ కొట్టి విన్నాడు. మళ్ళీ నీలందాన్ని కొట్టాడు.

"నాకు రెండూ ఒకలాగే వినిపిస్తున్నాయి" అన్నాడు. "బాయిలోనూ అంతేనయ్యా. ఎన్నిసార్లు విన్నా నాకు తేడా తెలిసేది కాదు. అందుకే నిన్ను అడిగేవాణ్ణి."

ఆయన స్పానర్‌ను నేల మీద పెట్టేశాడు.

"బండి నువ్వు తీసుకో" అన్నాడు వీర్రాజు. "గట్టిదంటున్నావు, గట్టిదే అయ్యుంటుంది. నేను మాత్రం ఇక దాన్ని ఎక్కలేను."

రంపం పడ్డచోట అతుకు వేసి, వచ్చే వారం ఆటో ట్రాలీలో పంపిస్తానన్నాడు ప్రశాంత్. సదయ్య మొహం చూడకుండానే అన్నాడు. ముప్పై ఏళ్ళకు వీర్రాజును దాటుకుని ఒక వస్తువు సదయ్య చేతికి వచ్చింది.

కారు దగ్గరికి వచ్చారు. పొద్దున వాళ్ళు వచ్చిన సందులో ఇప్పుడొక ఇసుక ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. కారు మళ్ళీ కొంచెం వెనక్కి పోతే తప్ప దాని పక్క నుంచి తిరగదు. సదయ్య అలవాటుగా వెనక్కిపోయి నిలబడ్డాడు. కాలువకు, చక్రానికి మధ్య రెండు మూరల పైనే చోటుంది.

"రాండ్రి సార్" అని చెయ్యి ఊపాడు. "జాగున్నది, రాండ్రి."

కారు కదల్లేదు. ఇంజను ఆగింది. వీర్రాజు తలుపు తీసుకుని దిగాడు. సదయ్య పక్కనుంచే నడిచి వెనక్కి వచ్చి, వంగి, కాలువ ఎంత దూరంలో ఉందో తన కళ్ళతో చూసుకున్నాడు. తర్వాత పోయి స్టీరింగు ముందు కూర్చుని, అద్దం సరిచేసుకుని, కారును వెనక్కి తీశాడు.